తేడా రీడింగులు

ల్యాబు వెనక గది,
సోమవారం

వదినగారికి,

మనిద్దరం ఫోన్లో మూడు నిమిషాలు దాటితే కొట్టుకుంటాం కాబట్టి ఉత్తరాలు రాసుకుందామన్నారు. సరే. కాగితం మీద నేను అరిచినా మీకు వినపడదు, మీరు మధ్యలో ఫోన్ పెట్టేయలేరు. ఇద్దరికీ లాభమే.

క్షేమంగా ఉన్నానని మొదలుపెట్టడం మర్యాద. క్షేమంగా ఉంటే ఇల్లు వదిలి, పనిచేసే చోట ఈ గదిలో ఎందుకుంటాను? అందుకని ఆ మాట దాటేస్తున్నాను.

జరిగింది మీ తమ్ముడు మీకెలా చెప్పాడో తెలీదు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఇంట్లో ఏం జరిగినా చిన్న మరమ్మతులాగే చెప్తాడు. నేనే చెప్తాను వినండి. ఆ రోజు పొద్దున మన పిచ్చుక తన బూటు లేసు కనపడలేదని రెండోసారి అడిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల, రెండోసారే అడిగింది. నా చేతిలో పెనం ఉంది. అది దాని చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలి పెచ్చు ఊడింది. పిల్ల ఏడవలేదు. నావైపు చూసింది, అంతే. మర్నాటికి నెలసరి వచ్చింది, ఆ కోపమంతా ఎటు పోయిందో పోయింది. ప్రతి నెలా ఇదే వరస. నెలలో ఓ వారం పాటు ఇంకెవరో నాలోకి వచ్చి కూర్చుని, నా నోటితో మాట్లాడి, నా చేతులతో విసిరి, వెళ్ళిపోతారు. తిట్లు తినడానికి మాత్రం నేను మిగులుతాను.

ఇదేమిటో ఒక డాక్టరు తేల్చి చెప్పేదాకా పిల్ల ఉన్న ఇంట్లో నేను నిద్రపోను. మీరు వచ్చి ఇల్లు చూసుకుంటున్నారు కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాను. అది ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు, కొంచెం ఉంది.

మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళ డాక్టరు, పెద్ద పేరున్న మనిషి. అంతా విని, బల్ల మీది గాజు బిళ్ళ తిప్పుకుంటూ, "ఇంకో బిడ్డని కనండమ్మా, అదే సర్దుకుంటుంది" అంది. ఒక బిడ్డ మీద పెనం విసిరినదానికి మందు ఇంకో బిడ్డట. గురి కుదరడానికేమో!

మీ మరదలు

*

పిచ్చుక వాళ్ళిల్లు,
శుక్రవారం

మరదలికి,

నీ ఉత్తరం చదివాను. చేతిరాత బాగుంది, మిగతాదంతా చోద్యంగా ఉంది.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసినదాన్ని నేను. ఒక్కో అంతస్తుకి నలభై మంది. అందరికీ నెలనెలా వచ్చేది. కొందరు ఏడ్చేవాళ్ళు, కొందరు తలుపులు దబదబా వేసేవాళ్ళు, వేడినీళ్ళ సంచీ ఇస్తే పడుకునేవాళ్ళు. ఆడదన్న ప్రతిదీ నెలకోసారి పెనం విసిరితే ఊళ్ళో పెనాలు మిగులుతాయా, గోడలు మిగులుతాయా? కోపం నీది, పేరు నెలసరిది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు ఇందుకే.

ఇక్కడి సంగతులు. నా తమ్ముడికి తన ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో తెలీదు, నన్నడుగుతున్నాడు. నేను వచ్చి వారమైంది, వాడు వచ్చి పదేళ్ళయింది. పిచ్చుక బడిలో చెప్పుకుంటోందట, "మా అమ్మ పెనం విసిరింది, నేను తప్పుకున్నా" అని, ఏదో ఆటలో గెలిచినట్టు. కానీ నేను వంటింట్లో ఏదైనా గట్టిగా పెడితే ఉలిక్కిపడుతోంది. చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

ఇంటికి రా. డాక్టర్లు ఎక్కడికీ పోరు.

నీ వదిన

*

ల్యాబు వెనక గది,
బుధవారం

వదినగారికి,

మీ హాస్టల్లో నలభై మందికీ ఒకటే వేడినీళ్ళ సంచీ ఇచ్చి ఒకటే రోగమని తేల్చేశారంటే, మీరు కూడా డాక్టరు చదువు చదవాల్సింది. బాగా రాణించేవారు.

ఈ నెలలో ఇంకో ముగ్గుర్ని చూశాను. హార్మోన్ల డాక్టరు గ్లాసుడు రక్తం లాగాడు. థైరాయిడ్ బాగుంది, రక్తం బాగుంది, హార్మోన్లన్నీ బాగున్నాయి. "అంతా భేషుగ్గా ఉంది" అని చెయ్యి కలిపాడు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు, పైగా అభినందనలు. ఆ తర్వాతాయన నరాల డాక్టరు. నేను మూడో వాక్యంలో ఉండగానే చీటీ చింపాడు. నాది జీవితాంతం ఉండే పెద్ద మానసిక జబ్బట, ఒక రోజు ఆకాశంలో, ఒక రోజు పాతాళంలో ఉంటానట, మాత్రలు మానకూడదట. "ఎప్పుడెప్పుడు వస్తుందో అడగరా?" అన్నాను. "వచ్చినప్పుడు వస్తుంది" అన్నాడు. ఆ చీటీ నా పర్సులో ఉంది, మందులు షాపులోనే ఉన్నాయి.

నాలుగోది మనసు డాక్టరమ్మ. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకుంటుంది. ఆవిడ మొదట అడిగిందే ఎప్పుడు అని. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆగుతుంది, మధ్యలో పూర్తిగా బాగుండే రోజులున్నాయా, అని. నాకు కుర్చీలో కొంచెం వెనక్కి ఆనుకోవాలనిపించింది. తర్వాత ఆవిడ చెప్పిందేమిటంటే, నెలసరికి ముందు మనసు అతలాకుతలమయ్యే ఒక జబ్బుందట, దాన్ని రక్తంలో కనిపెట్టే పరీక్ష ఈనాటికీ లేదట. రక్తపరీక్షలు వేరే జబ్బులు లేవని తేల్చడానికేనట. గుర్తు తెచ్చుకుని చెప్పేది కూడా చెల్లదట. మనిషికి చెడ్డ రోజులే గుర్తుంటాయి, కాకపోతే మంచి రోజులే గుర్తుంటాయి. అందుకని రెండు నెలసరులపాటు ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే రాయాలి. కోపం, ఏడుపు, ఆందోళన, నిద్ర, ఇంకా కొన్ని వరుసలు. ఏమీ లేకపోతే ఒకటి, భరించలేనంత అయితే ఆరు.

ఇంతమంది ఇన్నేళ్ళు చదివి చివరికి నా చేతికిచ్చింది ఒక గళ్ళ కాగితం! నవ్వొచ్చింది. రోజంతా కాంక్రీటు దిమ్మల్ని మిషన్ కింద పెట్టి ఎంత బరువుకి పగులుతాయో రాయడమే కదా నా ఉద్యోగం. రీడింగులు తీసుకోవడం నాకు ఒకరు నేర్పాలా?

ఈ ఆదివారం పిచ్చుకని చూడటానికి వస్తున్నాను. వచ్చినప్పుడు ఉపన్యాసాలు వద్దు.

మీ మరదలు

*

పిచ్చుక వాళ్ళిల్లు,
మంగళవారం

మరదలికి,

ఒక ఆదివారం కాదు, ఇప్పటికి నాలుగుసార్లు వచ్చావు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

వచ్చావు. పిల్లకి జడ వేశావు. నా నడక అనుకరించి దాన్ని నేలమీద దొర్లేలా నవ్వించావు. నా తమ్ముడు మాడ్చిన గుడ్డు తిని బాగుందన్నావు. సాయంత్రం ఆరోగ్యంగా, చక్కగా, చేతులూపుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోయావు. ఇదేనా రోగం? నాకు చుట్టాలు కూడా ఇంత బాగా వచ్చి వెళ్ళలేదు. జబ్బంటే మంచం పట్టాలి, కనీసం ముఖం వాడాలి. నీ ముఖం కన్నా నాదే వాడింది, నీ ఇల్లు మోసి మోసి.

మధ్యలో రెండు ఆదివారాలు పనుందని మానేశావు. ల్యాబుకి ఆదివారం సెలవని నా తమ్ముడన్నాడు. నేనేం అనలేదు. ఏమనుకోవాలో మాత్రం తెలిసింది. ఇల్లు, వంట, పిల్ల హోంవర్కు లేకుండా హాయిగా ఒక గది దొరికాక, ఎవరికి మాత్రం తిరిగి రావాలనిపిస్తుంది? తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నీ వ్యవహారం.

నిన్న రాత్రి పిచ్చుక అడిగింది, "అత్తా, అమ్మకి నేనంటే ఆదివారాలే ఇష్టమా?" అని. నీకు జవాబు దొరికితే రాసి పంపు, చదివి వినిపిస్తాను.

నీ వదిన

*

ల్యాబు వెనక గది

వదినగారికి,

మీరు గెలిచారు. డాక్టరమ్మకి కాగితం ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అంతా రెండు, మూడు, రెండు, మూడు. నెలసరికి ముందూ అంతే, తర్వాతా అంతే. ఇందులో ఆ జబ్బు కనిపించడం లేదంది. నాకు జబ్బు లేదు, వదినా. ఉన్నది నేనే. అన్నింటికన్నా చెడ్డ కబురు ఇదే కదా. జబ్బయితే మందుండేది.

దూరంగా కొత్త ప్లాంటు పెడుతున్నారు, అక్కడికి బదిలీ అడిగాను. పిచ్చుకని మీరే పెంచండి. నలభై మందిని పెంచినవాళ్ళకి ఒక పిచ్చుక ఎంత? దాని ప్రశ్నకి జవాబు లేదు. అమ్మ మంచిది కాదని చెప్పండి, త్వరగా అలవాటవుతుంది.

ఇక నాకు రాయక్కర్లేదు.

*

పిచ్చుక వాళ్ళిల్లు,
ఆదివారం

ఓసి తెలివిగలదానా,

రాయక్కర్లేదన్నావు, అందుకే రాస్తున్నాను. మొన్న నీ గదికొచ్చినప్పుడు నిన్ను తిట్టడం కుదరలేదు, నీకప్పుడు ఒక్క తిట్టు కూడా మోసే ఓపిక లేదు. ఇప్పుడు నెలసరి వచ్చి తేరుకునుంటావు. కూర్చుని చదువు.

కింద సంతకం లేని ఆ ఉత్తరం చదివాక నా కాళ్ళు ఇంట్లో నిలవలేదు. చెప్పకుండా బస్సెక్కాను. నువ్వు తలుపు తీసి, "చచ్చానో లేదో చూడ్డానికొచ్చారా?" అన్నావు. అన్న సంగతి నీకు గుర్తుందో లేదో. ఆదివారం వచ్చే మరదలు కాదు ఆ మనిషి. జుట్టు దువ్వి ఎన్నాళ్ళయిందో. నా చెప్పులు తీసి మెట్ల మీదకి విసిరావు, మళ్ళీ వెళ్ళి తెచ్చావు, వాటిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఏడ్చావు. నా ముప్పై ఏళ్ళ వార్డెన్‌గిరీలో వేడినీళ్ళ సంచీతో పోయేవే చూశాను, ఇది చూడలేదు. నాకు భయమేసింది.

అప్పుడర్థమైంది నీ ఆదివారాల సంగతి. మంచి రోజు చూసుకుని వచ్చేదానివి. చెడ్డ రోజుల్లో తలుపేసుకుని పడి ఉండేదానివి. మాకు ఏరి ఏరి మంచివి చూపించి, జబ్బు కనపడటం లేదని మమ్మల్ని అనమన్నావు. మేమూ అన్నాం.

పొద్దున నువ్వు నిద్రలో ఉండగా బల్ల మీద టీ గ్లాసు కింద కాగితాలు చూశాను. దాచినవేం కావు, ఎదురుగానే ఉన్నాయి. ఒకటి పెన్సిల్‌తో రాసింది. అందులో రోజుల తరబడి ఒకటి, ఒకటి, రెండు. ఆ తర్వాత ఆరు, ఆరు, ఐదు, ఆరు. మళ్ళీ నెలసరి రాగానే ఒకటి. రెండో నెలా అచ్చం అదే. ఆ ఆరుల మీద స్కేలు పెట్టి నీటుగా గీత కొట్టి ఉంది. రెండోది ఇంకుతో రాసిన కాగితం, డాక్టరమ్మకిచ్చిన దాని నకలు, ముత్యాల్లాంటి అంకెలు, రెండు, మూడు, రెండు.

నిన్ను లేపి ఇదేమిటని అడిగితే నువ్వేమన్నావో చూడు: "అవి తేడా రీడింగులు వదినా. మా ల్యాబులో మూడు దిమ్మలు పగలగొడితే, ఒకటి మిగతావాటికి పొంతన లేకుండా వస్తే దాన్ని పక్కన పెట్టి మిగతావాటి సగటు వేస్తాం. దిమ్మ సరిగ్గా పోయలేదని అర్థం. ఆ రోజుల్లో నేను చెడిపోయిన దిమ్మని. బుర్ర బాగున్నప్పుడు చూసుకుంటే అవన్నీ అతిగా అనిపించాయి. ఫెయిర్ కాపీలో సరిచేశాను."

సరిచేసిందట! గోడకి పెనం విసిరింది సగటు మనిషా? నా చెప్పులు ఎగిరింది సగటు లెక్కలోనా? ఏది కనిపెట్టమని డాక్టరు దగ్గరికి వెళ్ళావో దాన్నే స్కేలు పెట్టి కొట్టేసి, మిగిలింది చూపించి, నాకేమీ లేదంటున్నారని ఏడుస్తున్నావు. దొంగని ఇంట్లో దాచి పోలీసుకి ఖాళీ గది చూపించినట్టుంది. ఇంత చదువుకున్న బుద్ధిహీనురాలిని నేను చూడలేదు.

ఇక తిట్టు అయిపోయింది. పెన్సిల్ కాగితంలో అడుగు వరుస చదివాను. బతకాలని లేదు అన్న వరుస. అక్కడ కూడా ఆరు వేసి కొట్టేశావు. నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను, ఇంకా అంటాను, నా నోరు అంతే. కానీ నువ్వు లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలే? ఆ వరుస డాక్టరమ్మకి చెప్పాలి, ముందు అదే చెప్పాలి. మళ్ళీ అలాంటి రాత్రి వస్తే మర్యాదలు చూడకుండా నాకు ఫోన్ చెయ్యి. మూడు నిమిషాల లెక్క ఆ రాత్రులకి లేదు.

ఆవిడ నీతో ఇంట్లోవాళ్ళని ఒకరిని తీసుకురమ్మందట కదా, నువ్వు చెప్పే మాటకీ కాగితానికీ పొంతన లేదని. అది నాకు రాయలేదు. నిద్రమత్తులో వాగావు కాబట్టి తెలిసింది. రేపు పెన్సిల్ కాగితాలు తీసుకుని వెళ్ళు. నేనే వచ్చేదాన్ని, పిచ్చుకకి జ్వరం. ఈ ఉత్తరం చేతికిచ్చి నా తమ్ముణ్ణి పంపిస్తున్నాను. వాడు లిఫ్టు కాకపోయినా ఎక్కడైనా నిలబడటానికి పనికొస్తాడు.

నీ వదిన

*

ల్యాబు వెనక గది,
గురువారం

వదినా,

పిచ్చుక జ్వరం తగ్గిందని మీ తమ్ముడు చెప్పాడు. ఇప్పుడు ఆయనగారి ఘనకార్యం వినండి.

డాక్టరమ్మ పెన్సిల్ కాగితాలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నా ఫెయిర్ కాపీ పక్కన పెట్టి చూసింది. "మీ ల్యాబు పద్ధతి సిమెంటుకి మంచిదే. ఈ జబ్బుకి మాత్రం వేరే సాక్ష్యం లేదు, మీరు కొట్టేసిందే జబ్బు" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తర్వాత ఇంట్లోవాళ్ళు ఏం గమనించారని మీ తమ్ముణ్ణి అడిగింది.

"నేనేం గమనించలేదండీ, మా ఆవిడ మంచిదేనండీ" అన్నాడు.

"నెలలో ఏదైనా వారం తేడాగా ఉంటుందా?"

"తెలీదండీ. ఆ వారం నేను ఇంట్లో ఉండను, రాత్రి డ్యూటీ వేయించుకుంటాను."

"ఏ వారం?"

చూడండి వదినా, అప్పుడు గదిలో ముగ్గురం ఆయన్నే చూస్తున్నాం, ఆయనతో సహా. ఫోన్లో డ్యూటీల పట్టిక తీయించింది. రెండేళ్ళుగా నెలకో వారం రాత్రి డ్యూటీలు. గత రెండు నెలలవి, నేను ఇంట్లో లేకపోయినా అలవాటుకొద్దీ వేయించుకున్నవి, నా ఆరుల పక్కన పెడితే గడికి గడి సరిపోయాయి. డాక్టర్లు నలుగురు కనిపెట్టలేనిది మీ తమ్ముడి పిరికితనం ఎప్పుడో కనిపెట్టింది, ఆయనకి మాత్రం చెప్పలేదు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేనే ఓదార్చాల్సి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇప్పుడు దానికి పేరుంది. నెలసరికి ముందు వచ్చే తీవ్రమైన మానసిక రుగ్మత. రెండు నెలలూ అదే వారంలో పైకి లేచింది, నెలసరి రాగానే దిగింది, మధ్యలో శుభ్రంగా ఉంది, ఇల్లూ బతుకూ పాడుచేసేంత ఉంది, వేరే జబ్బుతో వచ్చింది కాదు. ఇవన్నీ కలిస్తేనే ఆ పేరు పెడతారట. అందరు ఆడవాళ్ళకీ వచ్చే చిరాకు కాదిది అని కూడా అంది, మీ హాస్టలు సంగతి నేను చెప్పకుండానే. నరాల డాక్టరు చీటీ చూపిస్తే చించమనలేదు, చిన్నగా దగ్గింది. నేనే చించాను.

అడుగు వరుస గురించి ఆవిడే సూటిగా అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మందు మొదలుపెట్టాను. మొదటి మందు పడకపోతే ఇంకోటి చూద్దామంది.

రెండు మూడు నెలలు గడిచి, మందు పనిచేస్తోందని తేలాక, ఒక మంచి వారం చూసుకుని ఇంటికి వస్తాను.

మీ మరదలు

*

పిచ్చుక వాళ్ళిల్లు,
శనివారం

మరదలికి,

మంచి వారం చూసుకుని వస్తావా? ఎవరికి కావాలి నీ మంచి వారం? మంచి వారంలో శత్రువు కూడా ఇంటికొస్తాడు.

చెడ్డ వారంలో రా. ఆరు ఉన్న రోజునే రా. పిల్లకి ఆదివారం అమ్మ చాలు చాలు అనిపించింది, ఇప్పుడు దానికి అసలు అమ్మ కావాలి. పిచ్చుకకి చెప్పాను, అమ్మకి ఒక జబ్బుంది, దానికి పేరుంది, ఆ రోజుల్లో అమ్మ అరిస్తే అది నీ తప్పు కాదు, నీ పని నాన్న దగ్గరికి వెళ్ళడం, అని. నా తమ్ముడికి కూడా చెప్పాను, ఆ వారం రాత్రి డ్యూటీ వేయించుకుంటే కాళ్ళు విరగ్గొడతానని. చెయ్యి లేస్తుందనిపిస్తే నువ్వు వేరే గదిలోకి పో. ఊరు వదలక్కర్లేదు.

నువ్వు వచ్చిన రోజు నేను వెళ్ళిపోతాను. నా సామాను సర్దుకున్నాను. ముందుగదిలో కొత్త కర్టెన్లు వేశాను, నీకు నచ్చవని తెలుసు.

నీ వదిన

*

మన ఇల్లు,
ఆరు వేసిన రోజు

వదినా,

ఆ కర్టెన్లు ఏ దుకాణంలో కొన్నారో చెప్తే వెళ్ళి వాడికి బుద్ధి చెప్పొస్తాను. ఆకుపచ్చ మీద గులాబీ రంగు పక్షులు! కళ్ళున్నవాళ్ళు కొంటారా? వంటింట్లో డబ్బాలన్నీ మీ హాస్టల్లోలాగా వరసగా పేర్లు అంటించి పెట్టారు. నా ఇంట్లో ఉప్పెక్కడుందో నేను చదివి తెలుసుకోవాలా? మీ తమ్ముడు టీ పెట్టాడు, అది గిన్నె కడిగిన నీళ్ళకి అక్క. ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు కూడా పడటం లేదు నాకు. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. "సరే" అని బాల్కనీలో నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. డ్యూటీకి మాత్రం పోలేదు.

మందు వేసుకోవడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. పూర్తిగా పనిచేయలేదు. పోయిన నెల ఈపాటికి ఎన్నో ఆరులు ఉంటే ఈసారి ఇదే మొదటిది. అయినా ఆరు ఆరే. ఇందాక పెన్సిల్‌తో వేశాను, కొట్టెయ్యలేదు.

సాయంత్రం పిచ్చుక రంగునీళ్ళ గిన్నె నా మంచం మీద ఒంపింది. అరిచాను, వదినా. నాకే వినలేనంత అరిచాను. చెయ్యి లేవబోతోందని తెలిసింది. పక్క గదిలోకి పోయి తలుపేసుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అవతల ఏడుపు వినపడింది, తర్వాత వాళ్ళ నాన్న గొంతు వినపడింది, తర్వాత ఏమీ వినపడలేదు. ఇక అయిపోయింది, మళ్ళీ సంచీ సర్దుకోవడమే అనుకున్నాను. అబద్ధం ఎందుకు, సంచీ వైపు చూశాను కూడా.

కాసేపటికి తలుపు మీద చిన్నగా తట్టింది.

"అమ్మా, నువ్వు మళ్ళీ వెళ్ళిపోతావా?"

"పోను" అన్నాను.

"పడుకునేది ఇక్కడేనా?"

"ఇక్కడే."

"అయితే అరుచుకో" అనేసి, బొమ్మకి రంగులు వేసుకోవడానికి వెళ్ళిపోయింది.

మీ మరదలు